గిటార్ పడితే బార్డ్, ద్విపద చదివితే "కల్చరల్ ప్రోగ్రామా"?

కారెంపూడి_అమ్మాయి
మూడు రోజులుగా మనసులో సుడి తిరుగుతోంది. ఇక్కడైనా చెప్పుకుంటే తేలికపడుతుందని రాస్తున్నాను.

ఉండేది టెక్సస్‌లో. ఆరేళ్ళుగా ఒక మధ్యయుగాల రీఎనాక్ట్‌మెంట్ బృందంలో ఉన్నాను. పేరు చెప్పను, మనుషులు మంచివాళ్ళే, వచ్చే నెల మళ్ళీ వాళ్ళ పక్కనే గుడారం వేసుకోవాలి. 1600కి ముందు కాలానికి చెందిన ఒక పాత్రను ఎంచుకుని, ఆ బట్టలు, ఆ తిండి, ఆ పనులు నేర్చుకోవడం మా పద్ధతి. నా పాత్ర 15వ శతాబ్దపు కొండవీటి అమ్మాయి.

మొన్న శనివారం బార్డిక్ పోటీ జరిగింది, అంటే పాటో పద్యమో కథో అందరి ముందు వినిపించే పోటీ. పల్నాటి వీరుల కథలో బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం ఎత్తుకున్నాను. ఎనిమిది నిమిషాలు. ముందు ఇంగ్లీషులో నాలుగు మాటలు, తర్వాత తాళాలు వేసుకుంటూ తెలుగు ద్విపద, మధ్యలో వచనంలో ఇంగ్లీషు కథ. ఈ కథ చిన్నప్పుడు మా ఊరి వీరుల తిరునాళ్ళలో తాతయ్య భుజం మీద కూర్చుని విన్నది. నాలుగు నెలలు సాధన చేశాను. చదువుతుంటే నిప్పు అవతల ఒక పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మార్కుల కాగితం మీద ఏం రాశారో తెలుసా? "చాలా అందంగా ఉంది, కానీ ఇది బార్డిక్ కాదు, కల్చరల్ ప్రదర్శన." గెలిచినతను ఆరు తీగల గిటార్ మీద 1798 ఐర్లాండ్ తిరుగుబాటు పాట పాడాడు. బాగా పాడాడు, కాదనను. కానీ 1798 మధ్యయుగం ఎప్పుడైంది?

అసలు బార్డిక్ అంటే ఏమిటి? ఎవరికైనా స్పష్టంగా తెలిస్తే చెప్పండి.

డాలస్_సుబ్బు
"కల్చరల్" అన్న మాట దగ్గరే నాకు కాలింది. ఐర్లాండ్ వాళ్ళది కల్చర్ కాదా మరి?

తాళపత్రం
అమ్మాయీ, కోపం పక్కన పెట్టి ఒక్క మాట చెప్పు. ఆధారాల కాగితం ఇచ్చావా? ఏ కాలపు రచన, ఎవరు పాడేవాళ్ళు, ఎక్కడ పాడేవాళ్ళు అని? జడ్జి చేతిలో ఆ కాగితం లేకపోతే, కళ్ళ ముందు కనిపించే చీరను బట్టే ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు.

కారెంపూడి_అమ్మాయి
ఇచ్చానండీ, రెండు పేజీలు. యుద్ధం 12వ శతాబ్దంలో జరిగిందని, ద్విపద కావ్యం శ్రీనాథుడి పేరు మీద ఉందని రాశాను. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడేవారని క్రీడాభిరామంలో ఉందని కూడా రాశాను. గిటార్ అతని కాగితంలో పాట పేరు, రాసినవాడి పేరు, అంతే.

లూట్_రాఘవ
నా మాట కొంచెం చేదుగా ఉంటుంది. జడ్జీలు వాడిన మాట తప్పు, కానీ వాళ్ళ గందరగోళం నాకు అర్థమవుతుంది.

నేను కాలిఫోర్నియాలో పద్నాలుగేళ్ళుగా సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజంలో ఉన్నాను. అందరూ ఎస్‌సీఏ అంటారు. 1966 మే 1న బర్కిలీలో ఒక ఇంటి పెరట్లో పార్టీగా మొదలైంది. ఇప్పుడు ఇరవై "రాజ్యాలు". పెన్సిల్వేనియాలో ఏటా జరిగే పెన్సిక్ సంబరానికి పదివేల మందికి పైగా వస్తారు. రాత్రయితే గుడారాల మధ్య ఎక్కడో ఒకచోట నిప్పు వెలుగుతుంది, దాని చుట్టూ బార్డిక్ సర్కిల్ కూడుతుంది. వంతు వచ్చినప్పుడు నువ్వు పాడచ్చు, ఇంకొకరిని పాడమని అడగచ్చు, లేదా పక్కవాళ్ళకి వదిలేయచ్చు.

ఈ అరవై ఏళ్ళలో ఆ నిప్పు దగ్గర తయారైన పాటల సంప్రదాయం ఒకటుంది. మా యుద్ధాల మీద, మా రాజుల మీద, ఏడాది తిరక్కుండా పోయిన మా స్నేహితుల మీద కట్టుకున్న పాటలవి. మధ్యయుగానివి కావు. కానీ బృందం తన కథ తాను పాడుకుంటోంది. నాకు బార్డ్ చేసే పని అదే. గిటార్ అతను పాడింది ఆ కోవలోకి రాదు, నిజమే. అయితే వినేవాళ్ళంతా పల్లవి అందుకుని ఉంటారు. అందుకున్నారా లేదా?

కారెంపూడి_అమ్మాయి
అందుకున్నారు. అందరూ.

లూట్_రాఘవ
అక్కడే గెలిచాడు.

చికాగో_చిట్టి
మధ్యలో అడ్డొస్తున్నాను. బార్డ్, మిన్‌స్ట్రెల్, ట్రూబదూర్, ఇవన్నీ ఒకటేనా వేరువేరా? మా పిల్లాడికి స్కూల్లో ప్రాజెక్టు కూడా ఉంది.

కార్డిఫ్_కృష్ణ
వేరువేరు చిట్టి గారు, బాగా వేరు.

నేను పదకొండేళ్ళుగా వేల్స్‌లో ఉంటున్నాను కాబట్టి బార్డ్ సంగతి చెబుతాను. ఇక్కడ ఆ మాట ఎవరికి పడితే వాళ్ళకి తగిలించేది కాదు. అదొక ఉద్యోగం. హవెల్ ద రాజు పేరు మీద ఉన్న పాత వెల్ష్ ధర్మశాస్త్రాల్లో రాజు కొలువులో ఇరవై నాలుగు మంది అధికారుల లెక్క ఉంటుంది. అందులో ఒకడు "బార్ద్ తెయిలి", అంటే ఆస్థాన పరివారపు కవి. యుద్ధానికి సిద్ధమయ్యేటప్పుడు, కొల్లసొమ్ము పంచుకునేటప్పుడు ఏ పాట పాడాలో శాసనంలోనే ఉంది. రాణి తన గదిలో పాట కావాలంటే మాత్రం గొంతు తగ్గించి పాడాలి, బయట సభకి ఇబ్బంది కాకూడదు. అది కూడా రాసి పెట్టారు! ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు ఆ గది, ఆ తగ్గు గొంతు నాకు వినబడ్డాయి.

1176లో రీస్ ప్రభువు కార్డిగన్ కోటలో పెద్ద సభ పెట్టాడు. ఏడాది ముందే వేల్స్, ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ అంతా చాటింపు వేయించాడు. పోటీలు రెండు రకాలు. కవులకి ఒకటి, హార్ప్, క్రూత్ (కమానుతో వాయించే తీగ వాయిద్యం), పైపులు వాయించేవాళ్ళకి ఒకటి. గెలిచినవాళ్ళకి చెరో కుర్చీ. ఇప్పటికీ ఇక్కడి ఐస్తెద్‌వొద్ అనే కవితా సంగీత ఉత్సవంలో కవికి కుర్చీయే బహుమానం. అంటే 850 ఏళ్ళ కిందటే మాట వేరు, వాయిద్యం వేరు అని విడదీశారు. కారెంపూడి అమ్మాయి గారు చేసింది ఆ లెక్కన ముందు కుర్చీ పోటీ. గిటార్ అతనిది రెండో కుర్చీ. ఒకే కాగితం మీద ఇద్దరికీ మార్కులు వేయడమే తప్పు.

మిన్‌స్ట్రెల్ అన్న మాట లాటిన్‌లో కొలువు చేసేవాడు అనే అర్థం నుంచి వచ్చింది. పాటగాడే కానక్కర్లేదు. 1306లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ తన కొడుక్కి నైట్ పట్టం కట్టిన విందులో మిన్‌స్ట్రెల్స్‌కి ఎవరికెంత ఇచ్చారో లెక్కల చిట్టా మిగిలింది. హార్ప్ వాళ్ళు, బాకాల వాళ్ళు, ఫిడేలు వాళ్ళు, అందరూ అందులో ఉన్నారు. అదే రాజు లెక్కల్లో మటిల్డా మేక్‌జాయ్ అని ఒక ఆవిడ పేరు కనిపిస్తుంది. ఆవిడ పల్టీలు కొట్టే నర్తకి. రాకుమారుడి ముందు ఆడినందుకు డబ్బిచ్చారు.

ఓరుగల్లు_రాజు
కృష్ణన్న చెప్పింది వింటుంటే మన భట్రాజులు కళ్ళ ముందు కనబడ్డరు. వంశం చదవడం, బిరుదులు చదవడం, రాజు బయలుదేరితే ముందు నిలబడి స్తుతి చెప్పడం. వంది మాగధులంటే ఎవరు మరి? బార్డ్ మాటకి ఇంతకంటే దగ్గరి తెలుగు మాట లేదు.

ఒక్క తేడా చెప్పుకోవాలె. పల్నాటి కథ భట్రాజులది కాదు. అది వీరవిద్యావంతులది. తరతరాలుగా కారెంపూడి వీరుల గుడి దగ్గర ఆరాధనగా పాడుతరు. అమ్మాయి గారు, మీరు ఆ కాగితంలో వాళ్ళ పేరు రాసిన్రా?

కారెంపూడి_అమ్మాయి
"జానపద కళాకారులు" అని రాశాను. ఇప్పుడు మీరు అడుగుతుంటే తప్పు చేశాననిపిస్తోంది.

ఓరుగల్లు_రాజు
తప్పని కాదు అక్కా. కాని మీరు మార్కుల కాగితం మీద ఒక మాట చూసి నొచ్చుకున్నరు కద, మీరు చేసిన పనికి సరైన పేరు పెట్టలేదని. వాళ్ళకి కూడా అంతే. కాటమరాజు కథకి కొమ్మువారు, మల్లన్న కథకి ఒగ్గువారు, ఇట్ల ఒక్కో కథకి హక్కుదారులున్నరు. మా అమ్మమ్మ ఊర్లో ఒగ్గు వాళ్ళు వస్తే రాత్రంత చెప్పేది. పొద్దున చాటల బియ్యం పోసి పంపేది. వాళ్ళని "జానపద కళాకారులు" అని ఎవరూ పిలవలె. "మల్లన్న ఒగ్గోళ్ళు వచ్చిన్రు" అనేటోళ్ళు.

హ్యూస్టన్_వదిన
ఇంత ఎందుకు, వచ్చేసారి బుర్రకథ చెప్పమ్మా. "తందాన తాన" అంటే ఎవరైనా గొంతు కలుపుతారు. మా పిల్లలు సంక్రాంతి సంబరాల్లో చెబితే పక్కింటి మెక్సికన్ కుటుంబం కూడా అందుకుంది.

తాళపత్రం
వదిన గారూ, బుర్రకథ గొప్పదే, కానీ ఈ పోటీకి అది పనికిరాదు. ముగ్గురు నిలబడి మధ్యలో కథకుడు, ఒక పక్క రాజకీయం, ఇంకో పక్క హాస్యం అనే రూపం 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో ఊరూరా పాకింది. దాని వేరు జంగం కథలో ఉంది, అది పాతదే. మనం బుర్రకథని మధ్యయుగం అని చూపిస్తే, 1798 పాట పాడినతన్ని అడిగే హక్కు మనకి పోతుంది.

హ్యూస్టన్_వదిన
అది నాకు తెలియదు సుమా. మా నాన్నగారు ఎప్పటిదో అని చెప్పేవారు. సరే, తందాన తాన నా పిల్లలకే ఉంచుకుంటాను.

డాలస్_సుబ్బు
త్యాగరాజ కీర్తన?

వీణ_మాధవి
త్యాగరాజు పుట్టింది 1767లో సుబ్బు గారూ. క్షేత్రయ్య కూడా 17వ శతాబ్దమే. 1600 లోపు అంటే అన్నమయ్య దొరుకుతాడు, 1408 నుంచి 1503.

అయితే అక్కడ ఒక చిక్కుంది, అందరూ తెలుసుకోవాలి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. మనం ఈరోజు పాడుకునే అన్నమయ్య బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. నేను కచేరీలో పాడేటప్పుడు ఈ సంగతి చెప్తే కొందరు నొచ్చుకుంటారు. నాకైతే అది లోటుగా అనిపించదు. ఆ పదం మళ్ళీ గొంతులోకి రావడమే పెద్ద సంగతి.

ట్రూబదూర్ల పరిస్థితి కూడా దాదాపు ఇంతే. దక్షిణ ఫ్రాన్స్‌లో 12, 13 శతాబ్దాల్లో వాళ్ళు రాసిన పాటలు సుమారు 2,500 మిగిలాయి, అందులో పదో వంతుకే బాణీ ఉంది. ఆ బాణీలో కూడా స్వరాల ఎత్తుపల్లాలు తెలుస్తాయి కానీ ఏ అక్షరం ఎంతసేపు పట్టి ఉంచాలో రాయలేదు. అంటే తాళం పాడేవాళ్ళే ఊహించుకోవాలి. స్త్రీలు కూడా ట్రూబదూర్ పాటలు కట్టారు. వాళ్ళలో బాణీతో సహా మనకి చేరింది ఒక్క పాటే, దియా దొరసానిది. దాన్ని నేను వీణ మీద ఎక్కించి చూశాను. మొదటి రెండు పాదాల బాణీయే తర్వాతి రెండు పాదాలకీ తిరిగొస్తుంది, అయిదో పాదంలో కొత్త బాణీ మొదలవుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఆడమనిషి ఎక్కడ గుక్క తిప్పుకుందో నా వేళ్ళకి తెలిసినట్టయింది.

కాబట్టి "ఇది నూటికి నూరుపాళ్ళు అప్పటిదే" అని ఎవరూ అనలేరు. ఎంతవరకు ఆధారం ఉందో, ఎక్కడి నుంచి మనం కట్టుకున్నామో చెప్పగలిగితే చాలు.

లూట్_రాఘవ
మాధవి గారూ, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అందుకే పాత బాణీకి కొత్త మాటలు కట్టడాన్ని చిన్నచూపు చూస్తే నాకు బాధగా ఉంటుంది. మా వాళ్ళు దాన్ని ఫిల్క్ అంటారు, సైన్స్ ఫిక్షన్ అభిమానుల నుంచి వచ్చిన మాట. చాలా పోటీల్లో "ఫిల్క్ వద్దు" అంటారు. కానీ మధ్యయుగంలో అది రోజువారీ పని. దానికి కాంట్రాఫాక్టమ్ అని పేరుంది. 13వ శతాబ్దపు ఇంగ్లీషు కోకిల పాట "సుమర్ ఇజ్ ఇకుమెన్ ఇన్" రాతప్రతిలో ఒకే బాణీ కింద ఇంగ్లీషులో వేసవి పాట, దాని కిందే లాటిన్‌లో భక్తి పాట, రెండూ రాసి ఉన్నాయి. ఒకే కాగితం మీద!

డాలస్_సుబ్బు
మన భజన బృందాలు సినిమా బాణీలకి దేవుడి పాటలు కట్టినట్టు.

లూట్_రాఘవ
సరిగ్గా అదే. చెయ్యడంలో తప్పు లేదు. అయితే బాణీ కూడా 1600 లోపుదై ఉండాలన్నది నా పట్టుదల.

తాళపత్రం
ఇంతసేపూ దాచుకున్నది ఇప్పుడు చెబుతాను. మీరంతా చేస్తున్న ఈ వాదన ఉందే, ఇది అసలు సిసలు మధ్యయుగపు వాదన.

నార్బాన్‌కి చెందిన గీరౌత్ రికియేర్ అని ఒక ట్రూబదూర్. స్పెయిన్‌లో కాస్తీల్ రాజు పదో అల్ఫోన్సో కొలువులో ఉండేవాడు. 1274లో రాజుకి పద్యరూపంలో ఒక విన్నపం రాశాడు. ఏమని? "వీధిలో కోతిని ఆడించేవాణ్ణి, పిట్ట కూతలు కూసేవాణ్ణి, చెత్త వాయిద్యం మీటి చిల్లర అడుక్కునేవాణ్ణి, నన్ను, అందర్నీ కలిపి జొగ్లార్ అనే ఒకే పేరుతో పిలుస్తున్నారు. ప్రభూ, వేరు పేర్లు పెట్టించండి" అని దాని సారాంశం. మరుసటి ఏడాది 1275లో రాజు పేరు మీద జవాబు వచ్చింది. అది కూడా పద్యమే, అది కూడా రికియేరే రాసి ఉంటాడని పండితుల మాట. అందులో మెట్లు కట్టారు. జంతువుల్ని, బొమ్మల్ని ఆడించేవాడు, వీధిలో పాడేవాడు బుఫోన్. మర్యాదగా సభలో వాయిస్తూ, పరుల పాటలు పాడుతూ, కథలు చెప్పేవాడు జొగ్లార్. మాటా బాణీ తానే కట్టేవాడు ట్రోబదోర్. వాళ్ళలో కెల్లా శ్రేష్ఠుడు, మంచీ చెడూ విడమరిచి చెప్పగలవాడు "కవితా ఆచార్యుడు".

ఈ లెక్కన గిటార్ అతను ఎక్కడ నిలబడతాడు? పరుల పాట సభలో మర్యాదగా పాడాడు, కాబట్టి జొగ్లార్. అమ్మాయి? పాత కథను పెద్దల మాటల్లోనే చెప్పింది, తాను కట్టలేదు. కాబట్టి తానూ జొగ్లారే! ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు. ఒకరు బార్డ్, ఒకరు కల్చరల్ అనే మాట రికియేర్ ఒప్పుకోడు.

చికాగో_చిట్టి
మా పిల్లాడి ప్రాజెక్టు అయిపోయింది. దండాలు తాళపత్రం గారూ.

కార్డిఫ్_కృష్ణ
ఇది నాకు తెలియదు. రాసి పెట్టుకున్నాను. ఒక్క అభ్యంతరం ఉంది. రికియేర్ మెట్లు కట్టింది కడుపు మంటతో. తన పైమెట్టు కాపాడుకోవడానికి వీధివాణ్ణి కిందకి తోశాడు. ఓరుగల్లు రాజు గారు చెప్పిన ఒగ్గువారిని అల్ఫోన్సో కొలువులో నిలబెడితే ఏ మెట్టు మీద పెట్టేవాడో ఆలోచించండి.

ఓరుగల్లు_రాజు
కింది మెట్టు మీదనే పెట్టేటోడు. రాత్రంత నిద్ర లేకుండ కథ నడిపించినా సరే.

తాళపత్రం
కృష్ణ, ఆ మాట నిజం. మెట్లు నాకూ నచ్చవు. పేర్లు వేరుగా ఉండాలన్న మాట మాత్రం నచ్చుతుంది.

డాలస్_సుబ్బు
కింది మెట్టు అంటే గుర్తొచ్చింది. ఇంగ్లండ్‌లో రోలండ్ అని ఒకడికి సఫోక్ జిల్లా హెమింగ్‌స్టన్‌లో భూమి ఇచ్చారు. దానికి బదులుగా ఏటా క్రిస్మస్‌కి రాజు ముందు చేయాల్సిన సేవ ఏమిటంటే ఒక గెంతు, ఒక ఈల, ఒక పిత్తు. మూడూ కలిపి. దస్తావేజుల్లో లాటిన్‌లో ఉంది. 12వ శతాబ్దం, రెండో హెన్రీ కాలం. మరి అది బార్డికా కాదా?

వీణ_మాధవి
సుబ్బు గారూ, ఆఫీసులో నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చాను.

ఓరుగల్లు_రాజు
నవ్వొచ్చినా అందులో పెద్ద విషయం ఉంది అన్నా. అది ఇనాం భూమి! మన దగ్గర మేళానికి, కథకి, డప్పుకి ఊరు మాన్యం ఇచ్చినట్టే. సేవ చెయ్యాలె, భూమి తినాలె. పోటీ, మార్కులు, కాగితం ఇవన్నీ ఇప్పటివి. అప్పుడు కళాకారునికి ఒక ఊరితోనో ఒక ఇంటితోనో కట్టు ఉండేది. అమ్మాయి అడిగిన ప్రశ్నకి నా జవాబు గిదే. ఎవరి కోసం పాడుతున్నవో తెలిస్తే బార్డ్. వాయిద్యం ఏదైనా ఫరక్ లేదు.

లూట్_రాఘవ
వాయిద్యం ఏదైనా ఫరవాలేదంటే ఒప్పుకోను. ఆరు తీగల గిటార్ 18వ శతాబ్దం చివరిది. లూట్ అనే పాత తీగ వాయిద్యం కొనడానికి, నేర్చుకోవడానికి నేను పడ్డ పాటు నాకు తెలుసు. ప్రతి పాటకీ తీగలు మళ్ళీ శ్రుతి చేసుకోవాలి, మంచు కురిస్తే పేగు తీగ శ్రుతి తప్పుతుంది. ఆ కష్టం కూడా ఆ కాలపు అనుభవంలో భాగమే.

ఓరుగల్లు_రాజు
సరే అన్నా, వాయిద్యం కాడ మీ మాటే ఉండనీ. నాకు మనుషుల కాడ పట్టింపు.

కారెంపూడి_అమ్మాయి
అందరివీ రెండుసార్లు చదివాను. కోపం దిగింది, బదులుగా టెన్షన్ మొదలైంది. వచ్చే నెల శిబిరంలో పోటీ లేదు, మామూలు నిప్పు సర్కిల్ మాత్రమే. మళ్ళీ చదవాలనుంది. రాఘవ గారు అన్న ఒక్క మాట వదలడం లేదు, "పల్లవి అందుకున్నారా?" ద్విపదకి పల్లవి ఉండదు కదా. తెలుగు రానివాళ్ళు ఏం అందుకుంటారు?

వీణ_మాధవి
ద్విపదకి పల్లవి లేదు, నడక ఉంది. పాల్కురికి సోమనాథుడు శివకథల్ని ద్విపదలో చెప్పింది పదిమంది నోట పలకాలనే కదా. ఆ నడకనే వాళ్ళ చేతికివ్వండి. ఇప్పుడే ఒక జంట కట్టాను చూడండి:

నిప్పు చుట్టును గూడి నిలిచిన వారు
చెప్పిన కథలను చెవులార వినిరి

గణాల్లో విరవండి: నిప్పుచు / ట్టునుగూడి / నిలిచిన / వారు. చెప్పిన / కథలను / చెవులార / వినిరి. మూడు పెద్ద అడుగులు, ఒక చిన్న అడుగు. ప్రతి గణానికీ తాళం ఒక్క దెబ్బ. నాలుగో గణం చిన్నది కాబట్టి దాని వెనక కాస్త ఖాళీ మిగులుతుంది, అక్కడ మీరు ఊపిరి తీసుకుంటారు. ఆ ఖాళీలోనే వినేవాళ్ళు "ఊఁ" కొట్టాలి. మన ఇళ్ళలో కథ చెప్తే ఊఁ కొట్టమని పిల్లల్ని అడగమూ? ఊఁ కొట్టడానికి భాష రానక్కర్లేదు.

"నిప్పు", "చెప్పి" ప్రాస కూడా చెవికి తగులుతుంది. తెలుగు రానివాడికి కూడా రెండో పాదం మొదట్లోనే "ఆ, మళ్ళీ వచ్చింది" అని తెలిసిపోతుంది.

కార్డిఫ్_కృష్ణ
మాధవి గారూ, "ని" "ని", "చె" "చె" యతి కూడా పడింది. వెల్ష్ కవులు ఇలాంటి ధ్వని మైత్రి మీద ప్రాణం పెడతారు. పాదం లోపలే హల్లులు జవాబు చెప్పుకునే పద్ధతి ఒకటుంది, దాన్ని కంగానెద్ అంటారు. యతి గురించి ఇక్కడి స్నేహితుడికి వివరిస్తే వెంటనే పట్టుకున్నాడు.

లూట్_రాఘవ
ఊఁ కొట్టించడం మంచి ఆలోచనే. నాకింకా ఒక సందేహం ఉంది. ఎనిమిది నిమిషాలు ఎక్కువ. రాత్రి పదిన్నరకి, చలిలో, తెలియని భాషలో నాలుగు నిమిషాలు దాటితే జనం కదులుతారు. ఇంగ్లీషు వచనం తగ్గించకండి, తెలుగు తగ్గించండి.

హ్యూస్టన్_వదిన
తెలుగు ఎందుకు తగ్గించాలి రాఘవా? అక్కడికి వెళ్ళేదే అందుకు కదా. ఇంగ్లీషు కథ ముందే మొత్తం చెప్పేసి, తర్వాత తెలుగు ఆపకుండా చదవమను. ఏం జరుగుతోందో తెలిశాక భాష అడ్డు రాదు.

లూట్_రాఘవ
వదిన గారూ, కథ ముందే తెలిస్తే ఉత్కంఠ పోతుంది.

హ్యూస్టన్_వదిన
రామాయణం తెలియక వింటున్నామా నాయనా?

తాళపత్రం
ఈ మాటకి ఎదురు లేదు.

కారెంపూడి_అమ్మాయి
అయిదు వారాల తర్వాత వస్తున్నాను, చెప్పకపోతే ఊరుకోరని తెలుసు.

వదిన గారి పద్ధతే చేశాను. ముందు కథ మొత్తం ఇంగ్లీషులో, రెండు నిమిషాల్లో. తర్వాత "ఇది మా ఊళ్ళో వీరవిద్యావంతులు పాడే కథ, నేను వాళ్ళ దగ్గర విన్నదాన్ని మాత్రమే" అని చెప్పాను. ఊఁ కొట్టడం నేర్పించాను. మొదటి రెండు జంటలకి ఇద్దరో ముగ్గురో కొట్టారు, ఒకతను తప్పు చోట కొట్టి సిగ్గుపడ్డాడు. ఆరో జంటకి వచ్చేసరికి నేను ఆగకముందే ఊఁ వచ్చేస్తోంది. తల్లి కొడుకుని వెళ్ళనివ్వక వెళ్ళనివ్వక చివరికి తానే సాగనంపే చోట ఎవరూ ఊఁ కొట్టలేదు. ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. కట్టె పుల్ల చిటపట మాత్రం వినబడింది. నా గొంతు వణికింది, రెండు అక్షరాలు మింగేశాను.

అయిదున్నర నిమిషాలు పట్టింది రాఘవ గారూ, ఎవరూ కదల్లేదు.

గిటార్ అతను కూడా అక్కడే ఉన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఆ నాలుగో దెబ్బ చిన్నగా ఎందుకుందని అడిగాడు. సూర్యగణం అని చెప్పాను. వేలితో తన మోకాలి మీద నాలుగైదుసార్లు కొట్టుకుని చూసుకున్నాడు.

లూట్_రాఘవ
అయిదున్నరకి ఒప్పుకుంటున్నాను. మింగేసిన అక్షరాల గురించి బాధపడకండి, ఆ చోట గొంతు వణకకపోతేనే తప్పు.

ఓరుగల్లు_రాజు
వాళ్ళ పేరు చెప్పినందుకు సంతోషం అక్కా.

డాలస్_సుబ్బు
వచ్చేసారి నేనూ వస్తాను. ఊఁ కొట్టడానికి ఒక మనిషి ఉంటే ధైర్యం కదా. పంచె ఉంది, పాత కాలపు చెప్పులు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి.

వీణ_మాధవి
చెప్పుల సంగతి తెలియదు కానీ, అమ్మాయి గారూ, ఆ తాళాలు కంచువా ఇత్తడివా? నా దగ్గరున్నవి చలికి గొంతు మారుతున్నాయి.

కారెంపూడి_అమ్మాయి
కంచువేనండీ, తాతయ్యవి. చదివే ముందు కాసేపు నిప్పు దగ్గర పెట్టుకుని, అరచేతుల మధ్య వెచ్చగా రుద్దుతాను.